వింటి లోపలి చుక్క

ఖమ్మం మైదానంలో ఆ రోజు జడ్జి నా వింటి మీది నుంచి తడిగుడ్డతో తుడిచేసిన కాటుక చుక్క ఉత్త దిష్టి చుక్క కాదు. నేను దానితో గురి చూసేదాన్ని. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, నా పక్కన నిలబడి బాణాలు వేసిన జ్యోతికి చెప్పలేదు, నా తరఫున జడ్జితో గొడవపడిన వెంకన్న సార్‌కు చెప్పలేదు. ఎనిమిదో తరగతి నుంచి డైరీ రాసే అలవాటు నాది. మనుషులతో చెప్పలేనివన్నీ అందులో రాసుకుంటాను. ఆ రోజు పేజీ తీసి చూస్తే మాత్రం "ఎండ ఎక్కువగా ఉంది. మధ్యాహ్నం పులిహోర పెట్టారు" అని ఉంది, అంతే.

పోయిన ఆదివారం మా చిన్నాన్న కూతురు కెజియా సత్తుపల్లి నుంచి రాకపోతే ఇప్పుడు కూడా రాసేదాన్ని కాదేమో. నేను నేలకొండపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని బడిలో తెలుగు చెబుతున్నాను. ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి అది గడప మీద కూర్చుని ఉంది, ఒళ్లో గుడ్డసంచి. ఇంటర్‌లో చేరినప్పటి నుంచి విలువిద్య నేర్చుకుంటోంది. లోపలికి రాగానే సంచి బోర్లించి మంచం మీద మూడు వస్తువులు పరిచింది. అవి తన కోచింగ్ సెంటర్‌లో అడిగి తెచ్చుకున్నవట, మర్నాడు తిరిగి ఇచ్చెయ్యాలట.

"అక్కా, గీ మూడిట్ల నాకు ఏది మంచిగుంటదో నువ్వే చెప్పాలె. డాడీ ఒక్కటే కొనిస్తనన్నడు."

"నన్నడుగుతవేందే? మీ సార్‌ను అడుగు."

"సార్ నన్నే ఆలోచించుకొమ్మన్నడు. మన ఇంట్ల బాణం పట్టినదానివి నువ్వొక్కదానివే గదా. పెద్దమ్మ చెప్పింది."

మూడూ గురి చూసుకునేందుకు వింటికి బిగించుకునే సైట్లు. ఒకటి జానెడు పొడవున్న సన్నని పట్టీ, దాని చివర చిటికెన వేలికి పట్టేటంత ఉంగరం. పక్కనున్న మరను తిప్పితే ఉంగరం ఒక్కొక్క గీత చొప్పున పైకీ కిందికీ జరుగుతుంది, జరిగినప్పుడల్లా గోరు విరిచినట్టు చిన్న చప్పుడు. రెండో దానిలో ఉంగరం బదులు భూతద్దం ఉంది, దాని అడుగున తాపీమేస్త్రి రసమట్టంలో ఉండేలాంటి బుడగ. మూడో దానిలో ఒకదాని కింద ఒకటిగా ఐదు సూదులు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో మెరుస్తున్నాయి. కెజియా కళ్లన్నీ ఆ మూడో దాని మీదే ఉన్నాయని చూడగానే తెలిసింది. అది రంగుల కోసం ఏదైనా కొనేసే పిల్ల.

విల్లు వదిలేశాక నేను ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు గ్రంథాలయంలో విలువిద్య మీద దొరికినవన్నీ చదివాను. ఎందుకు చదువుతున్నానో నాకే తెలియదు, ఎవరైనా దగ్గరికి వస్తే పుస్తకం మూసేసేదాన్ని. ఆ చదువు మొదటిసారి అక్కరకొచ్చింది. ఐదు సూదులది దూరం ముందుగా తెలియని చోట పనికొస్తుందని చెప్పాను. చెట్ల మధ్య తిరుగుతూ ఇరవై గజాలకొకటి, నలభై గజాలకొకటి వేసే ఆటల్లో మర తిప్పుకునే తీరిక ఉండదు, ఒక్కో దూరానికి ఒక్కో సూది వాడుకోవాలి. భూతద్దం ఉన్నది చక్రాల విల్లుకు, అంటే కాంపౌండ్‌కు. తాడు లాగే బరువును చక్రాలు సగానికి పైగా మోస్తాయి కాబట్టి చెయ్యి వణకదు, లక్ష్యాన్ని పెద్దది చేసి చూసుకోవచ్చు. చెయ్యి వణికే విల్లుకు అద్దం పెడితే వణుకు కూడా పెద్దదవుతుంది. కెజియాది కొనలు ముందుకు వంగిన రికర్వ్ విల్లు. దానికి అద్దాన్ని రూలు కూడా ఒప్పుకోదు. ఉత్త ఉంగరమే. దూరం మారినప్పుడు మర తిప్పుకోవాలి, ఏ దూరానికి ఏ గీతో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి.

"అబ్బ, నీకు గింత తెల్సా! మరి నువ్వు ఏ సైటు వాడినవక్కా?"

"మాకు సైట్లు లేవు. వెదురు విల్లు."

"సైటు లేకుంట ఎట్ల గురి చూసేటోళ్లు?"

చాయ్ పెడతానని లేచాను.

సైటు అన్న మాట వినగానే మా బడి గుర్తొచ్చింది. భద్రాచలం రోడ్డు వదిలి అడవి దారిన నాలుగు మైళ్లు లోపలికి పోతే మా ఊరు. నాన్న మిషన్ దవాఖానాలో కాంపౌండరు, అమ్మ అంగన్‌వాడీ టీచరు. నేను తొమ్మిదిలో ఉండగా మా బడికి డ్రిల్లు మాస్టారుగా వెంకన్న సార్ వచ్చాడు. సన్నగా, ఎప్పుడూ మెడలో విజిల్‌తో ఉండేవాడు. వచ్చిన వారానికే మూడు వెదురు విల్లులు, ఒక పాత రికర్వ్ విల్లు తెప్పించి మమ్మల్ని వరసలో నిలబెట్టి "ఎవరికన్న సైటు ఉన్నదా?" అని అడిగాడు. ఎవరి ఇంట్లోనైనా పాత సైటు పడి ఉందేమోనని ఆయన ఆశ. మా ఊళ్లో సైటు అంటే ఒకటే అర్థం, కళ్లద్దాలు రావడం. "లేదు సార్, నా కండ్లు మంచిగనే ఉన్నయ్" అని ఒకరి తర్వాత ఒకరం ప్రమాణం చేసినట్టు చెప్పాం. కళ్లద్దాల జ్యోతి ఒక్కతే ఏడుపు ముఖంతో చెయ్యెత్తి "ఉన్నది సార్, మైనస్ రెండు" అంది. సార్ ముందు బిత్తరపోయి, తర్వాత నేల మీద కూర్చుని నవ్వాడు. ఆ తర్వాత ఏడాది పొడుగునా జ్యోతిని "మైనస్ రెండు" అని పిలిచాం. అది మా అందరికంటే బాగా వేసేది.

ఉన్న ఒక్క రికర్వ్‌కూ సైటు లేదు కాబట్టి అందరం వెదురు విల్లే పట్టాం. వెదురు విల్లు పోటీలకు సైటు ఉండకూడదు. "గీత ఉండొద్దు, గుర్తు ఉండొద్దు, దారం ముక్క కూడ కట్టొద్దు" అని సార్ మొదటి రోజే చెప్పాడు. మాకిచ్చిన విల్లుల్లో ఒకటి చీలిపోతే కోయగూడెంలో విల్లులు చేసే లచ్చయ్య తాత దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాన్ని ఒకసారి వంచి చూసి పక్కన పడేసి, పొగలో ఆరబెట్టిన తన వెదురులోంచి నాకు కొత్తది చేసిచ్చాడు. ఇంటి చూరు కింద పొగ వాసన, ఆ పక్క చాప మీద ఆరుతున్న ఇప్పపూల మత్తు వాసన, ఆయన కత్తి కింద వెదురు పెచ్చులు చుట్టలు చుట్టుకుంటూ రాలడం చూస్తూ రెండు సాయంత్రాలు అక్కడే కూర్చున్నాను. ఎక్కువ మాట్లాడని మనిషి. నాకూ మాటలు రావు కాబట్టి బాగా కుదిరింది. చివరికి ధైర్యం చేసి అడిగాను.

"తాతా, నువ్వు గురి ఎట్ల చూస్తవ్?"

"సూస్తనా?" అని ఆయన చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "ఏమో పిల్లా. అడగకపోతే బాగుండు. ఇగ రేపు బాణమేస్తే నాకు గదే యాదికొస్తది."

ఆ జవాబు డైరీలో రాసుకున్నాను. చాలాకాలం అదొక పొడుపు ప్రశ్నలా నా వెంట తిరిగింది. ఆయన దూరాన్ని దేనితో కొలిచేవాడు? నాకు మాత్రం ఆ విద్య రాలేదు. నా బాణాలు ఒకరోజు బంగారంలో, ఒకరోజు గడ్డిలో పడేవి. పసుపు నడిమి వలయాన్ని మేం బంగారం అనేవాళ్లం. చేత్తో కాదు, అదృష్టంతో వేస్తున్నట్టు ఉండేది.

అలాంటి ఒక మంచి రోజున గూడెం వాళ్లు, ఊరివాళ్లు చూస్తుండగా ఆరింటిలో ఐదు బంగారంలో పడ్డాయి. ఆ సంగతి నాకంటే ముందు నాయనమ్మకు చేరింది.

నాయనమ్మ గురించి చెప్పాలి. పేరు మార్తమ్మ. పెళ్లయ్యాక ప్రభువులోకి వచ్చిన మనిషి. చర్చిలో ముందు వరసలో కూర్చునేది. ఆమె రోజు తెల్లవారకముందే మొదలయ్యేది. వాకిలి ఊడ్చి, తలకు ఆముదం రాసుకుని, బైబిల్ తీసి రెండు చేతులూ చాపి పట్టుకునేది. అప్పటికి ఆమె చేతుల పొడవు చాలేది కాదు, అక్షరాలు ఇంకా దూరం పోవాలి. "ఓ రూతూ, లెవ్వు, దేవుడు నాకు మసకమసక కొడుతున్నడు" అని నన్ను లేపేది. నేను చదివేదాన్ని, ఆమె కళ్లు మూసుకుని వినేది. నాకు చదువు రుచి తగిలింది ఆ తెల్లవారుజాముల్లోనే. ఇంట్లో అందరూ పుస్తకం పక్కన పెట్టమనేవాళ్లు. ఆమె ఒక్కతే "ఇంకో పేజీ" అనేది. అంత భక్తిలోనూ ఒక పాత అలవాటు మిగిలిపోయింది. నెలకోసారి ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి మసి పట్టి కాటుక చేసేది. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డ అరికాలికీ ఆమె చుక్క పడాల్సిందే. పాస్టరు గారికి తెలియకుండా తల్లులు వెనక గుమ్మంలోంచి బిడ్డలను పట్టుకొచ్చేవాళ్లు.

ఆ సాయంత్రం నేను ఇంట్లో అడుగుపెట్టేసరికి కాటుక భరిణె పట్టుకుని నిలబడి ఉంది.

"ఇటు రా. ఊరోళ్ల కండ్లన్ని నీ మీదనే ఉన్నయంట."

"నాకొద్దు నాయనమ్మా. తొమ్మిదో తరగతి పిల్లకు మొఖం మీద చుక్కేంది? జ్యోతి నవ్వి సస్తది."

"నీకెవరు పెడ్తున్నరే? దీనికి." నా చేతిలోంచి విల్లు లాక్కుంది. ముందు బయటివైపు వేలు పెట్టబోయి ఆగింది. "గీడ పెడితే పాస్టరయ్యగారు జూస్తడు. లోపలి దిక్కు పెడ్త. నీకు, నాకు తప్ప ఎవరికి కానరాదు."

పిడికిలికి పైన, బాణం ఆనుకునే చోటు కంటే మూడు వేళ్లు ఎత్తులో, నా ముఖం వైపుండే భాగాన కందిగింజంత చుక్క పెట్టింది.

మర్నాడు విల్లు ఎత్తి తాడు గడ్డం దాకా లాగాక ఆ చుక్క నా కంటికీ లక్ష్యానికీ మధ్యకు వచ్చి నిలిచింది. ముప్పై మీటర్ల దూరాన ఉన్న బంగారం మీద సరిగ్గా కూర్చుంది. వదిలాను. నడిమికి తగిలింది. ఇంకోటి, ఇంకోటి. నాలో పుట్టింది సంతోషం అని చెప్పలేను, ఆశ్చర్యం. ఎవరూ లేనప్పుడు చుక్కను వలయం అంచున పెట్టి వేసి చూశాను, వలయం పైన పెట్టి వేసి చూశాను. బాణం చెప్పిన చోటికి పోతోంది. యాభై మీటర్లకైతే చుక్కను బంగారం మీద కాక దానికి పైన, తెల్ల అంచు దాటించి పెట్టాలని వారంలో కనిపెట్టాను. అన్నీ లెక్కగా డైరీలో రాయాలని మనసు కొట్టుకునేది, కాని రాయలేదు. రాస్తే అది గుర్తు అయిపోతుంది. రాయనంతవరకు అది దిష్టి చుక్కే. సార్ గీత వద్దన్నాడు, గుర్తు వద్దన్నాడు, చుక్క వద్దనలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

చుక్క వారానికోసారి చెరిగిపోయేది. భరిణె తెచ్చి నేనే నాయనమ్మ ముందు కూర్చునేదాన్ని.

"పోయినసారి పెట్టిన కాడనే పెట్టు నాయనమ్మా."

"యాడ పెడితే ఏంది, చుక్క చుక్కనే."

"గట్ల గాదు. ఇంకొంచెం కిందికి. ఆ, గక్కడ. బియ్యపుగింజంత పక్కకు."

తన నమ్మకం నాకూ అబ్బిందని ఆమె మురిసిపోయేది. "నా తరువాత చుక్క నువ్వే పెట్టాలె ఊరికి" అనేది. కెజియా మంచం మీద పరిచిన సైటుకున్న ఆ సన్నని మర ఉంది చూశారా, నాకది మా నాయనమ్మ వేలు.

ఖమ్మంలో జిల్లా ఎంపిక పోటీలు. మా బడి నుంచి ఒక్కరినే రాష్ట్ర జట్టుకు తీసుకుంటారు. ఎంపికైన పిల్లను హైదరాబాదులో స్పోర్ట్స్ హాస్టల్‌లో చేర్చుకుని చదివిస్తారని, ఆ హాస్టల్ పక్క వీధిలోనే మూడంతస్తుల గ్రంథాలయం ఉందని సార్ మాటవరసకు అన్నాడు. జ్యోతి హాస్టల్ అన్న మాట విన్నది, నేను మూడంతస్తులన్న మాట విన్నాను. ముప్పై మీటర్ల వంతు ముగిసేసరికి నేను జ్యోతి కంటే ముందున్నాను. యాభైకి మారే ముందు ఒక జడ్జి అందరి విల్లులూ చేతిలోకి తీసుకుని చూస్తూ వచ్చాడు. నా దగ్గర ఆగి, విల్లును తిప్పి, తానే తాడు లాగినట్టు ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"ఇదేంది?"

నేను నోరు తెరిచేలోపే వెంకన్న సార్ పరిగెత్తుకొచ్చాడు. "దిష్టి చుక్క సార్. పల్లెటూరి పిల్ల, ముసలమ్మ పెట్టి పంపింది. దాన్ని కూడ సైటంటరా? చెప్పులకు పెడితే చెప్పులు కూడ ఇడిపిస్తరా?"

"ఎవరు పెడితే ఏందయ్యా, గుర్తు గుర్తే." ఆయన నా వైపు తిరిగాడు. కోపమేమీ లేదు గొంతులో. "ఏమ్మా, దీంతోని గురి చూస్తున్నవా?"

తల అడ్డంగా ఊపాను. నోటితో అబద్ధం చెప్పలేదని చాలా ఏళ్లు నన్ను నేను సముదాయించుకున్నాను. "సరే, పిల్ల మాట నమ్ముతున్న" అని ఆయన తడిగుడ్డ తెప్పించి చుక్కను తుడిచి, విల్లు నా చేతికిచ్చాడు.

యాభై మీటర్లు. తాడు లాగాను. కన్ను వెదురు మీద వెతికింది. అక్కడ నీటి తడి తప్ప ఏమీ లేదు. మొదటి బాణం లక్ష్యం పైనుంచి పోయింది. రెండోది నేల మీద జారింది. అన్ని నెలల సాధనలో నా చేతులకు తాడు లాగడమే వచ్చిందని, ఎక్కడికి పంపాలో ఎన్నడూ నేర్చుకోలేదని అక్కడ నిలబడి వింతగా, వేరే ఎవరినో చూస్తున్నట్టు గమనించాను. జ్యోతి ఎంపికైంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా చెయ్యి పట్టుకుని "పిల్లను భయపెట్టిన్రు సార్, లేకుంటే ఇదే గెలుస్తుండె" అని అదే ఏడ్చింది. సార్ కూడా మా ఊరి దారి వచ్చేదాకా జడ్జిని తిడుతూనే ఉన్నాడు.

ఇంటికి రాగానే నాయనమ్మకు నాన్నే చెప్పాడు, సార్ చెప్పినట్టుగానే. చుక్క చూసి అనుమానపడ్డారని, పిల్ల బెదిరిపోయిందని. ఆమె భరిణె తీసుకుని పెరట్లోకి పోయి బూడిద పెట్టి తోమింది. నేను వెనకే పోయి నిలబడ్డాను.

"ప్రభువు జూడడనుకున్ననే" అంది నా వైపు తిరగకుండా. "లోపలి దిక్కు పెట్టినా జూసిండు. శిక్ష నాకెయ్యక నీకేసిండు."

"గట్లేం లేదు నాయనమ్మా."

"నువ్వు ఊకో. నాకు తెలుసు."

అప్పుడు చెప్పాల్సింది. నీ చుక్క నాకు చెడు చెయ్యలేదు, నన్ను గెలిపిస్తూ వచ్చింది, దాన్ని దొంగదారిన వాడుకున్నది నేను అని. చెబితే సార్‌కు తెలుస్తుంది, జ్యోతికి తెలుస్తుంది, జడ్జి నమ్మిన మాట అబద్ధమవుతుంది. ఊరుకున్నాను. ఆమె మళ్లీ కాటుక చెయ్యలేదు. చిన్నాన్నకు కొడుకు పుడితే పిన్ని బిడ్డ కాలు చాపి ఎంత బతిమాలినా "నా చెయ్యి మంచిది గాదు బిడ్డా" అని లేచి పోయింది. ఆ ఇంట్లో ఆముదం మసి వాసన పోయింది. తెల్లవారుజామున బైబిల్ చదువుతుంటే శిక్ష అన్న మాట వచ్చినచోటల్లా ఆమె మూసుకున్న కళ్లు తెరిచేది. నేను విల్లు లచ్చయ్య తాతకు తిరిగిచ్చేశాను.

ఇప్పటి పిల్లలకు గురి చూసుకునే సాధనం బాహాటంగా, లెక్కగా, మర తిప్పి గీత రాసుకుని వాడుకునే వీలుంది. దాచనక్కర లేదు. కెజియా చేతిలో ఆ ఉంగరాన్ని చూస్తే నాకు అసూయ కలగలేదు. ఎంత తేలికగా మంచం మీద పరిచి అడిగింది! ఉంగరమున్నదే కొనుక్కోమని, మర గట్టిదో కాదో పదిసార్లు తిప్పి చూడమని చెప్పి పంపాను. అది మళ్లీ అడిగింది, ఎందుకు మానేశావని. చదువు ఎక్కువైందని చెప్పాను. అబద్ధాలు నాకు ఇప్పటికీ తేలికగానే వస్తాయి.

ఒక్కసారి మాత్రం నిజం చెప్పాలని తీర్మానించుకుని పోయాను. డిగ్రీ రెండో ఏడు, నాయనమ్మకు ఆయాసం మొదలైందని తెలిసి. శని, ఆదివారాలు రెండూ ఆమె పక్కనే ఉండి, వచ్చేపోయేవాళ్ల మధ్య ఆ మాట ఎత్తలేక, సోమవారం పొద్దున సంచి భుజాన వేసుకున్నాకే ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ఎండ అప్పుడే వాకిట్లోకి వస్తోంది. ఆమె దిండుకు ఆనుకుని నా జడ సరిచేస్తోంది. "నాయనమ్మా, ఆ ఖమ్మం పోటీలప్పుడు నీతోని ఒక మాట చెప్పలే" అన్నాను. ఆమె చెయ్యి జడ మీద ఆగింది. నా ముఖంలోకి చూసింది, దూరం బాగా కనిపించే, దగ్గర కనిపించని కళ్లతో. ఊరి మొదట్లో బస్సు హారన్ వినిపించింది. ఆ గురువారమే ఆమె పోయింది, నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఆ సోమవారం పొద్దున మాత్రం ఆమె నవ్వింది, నా వీపు మీద చిన్నగా తట్టి లేపింది.

"పో బిడ్డా, బస్సు పోతది. గా ముచ్చట మళ్లొచ్చినప్పుడు నిమ్మలంగ చెప్పుదువు."